ఆటస్థలములోని సాధకము

ధ్యాన వాక్యభాగములు: 1 కొరింథీ. 9:24–27, 1 తిమోతి 4:7, 8, హెబ్రీ. 12:11



కోతలు ముగిసి పొలములు ఖాళీ అయిన దినములలో మన పల్లెల పిల్లలు సాయంకాలము ఊరిబయట చేరి బంతి తన్నుకొనుచుందురు. రెండు రాళ్లు పాతి అదే గోలు అందురు. “ఈ ఆటలవలన భక్తికి ఏమి లాభము?” అని కొందరు పెద్దలు అడుగుదురు. “ఆడుకొననిండు, సారా దుకాణము దగ్గర కూర్చుండుటకన్న మేలు గదా” అని మరికొందరు అందురు. ఈ తగవు తీర్చుటకు మనము పూనుకొనుటలేదు. అయితే పౌలు భక్తుడు ఆటస్థలమువైపు చూచి, అక్కడనుండి సంఘమునకు ఒక పాఠము తెచ్చెను. ఆయన చూచినవైపు ఈ నెల మనమును చూతము.

కొరింథు పట్టణమునకు సమీపమున రెండేండ్లకొకసారి గొప్ప పోటీలు జరుగుచుండెను. గెలిచినవాని తలపై ఆకులతో అల్లిన కిరీటము పెట్టుదురు. నాలుగు దినములు గడిచిన అది వాడిపోవును. ఒలింపియలో జరుగు పోటీలకైతే, వచ్చినవారు తాము పదినెలలు నియమము తప్పక శిక్షణ పొందితిమని ముందుగా ఒట్టుపెట్టుకొనవలసియుండెను. జనులందరు పోటీ దినమునే చూతురు. పౌలు దాని వెనుకనున్న దినములను చూచెను. తిండిలోను, నిద్రలోను, కోరికలలోను మితముగా నడిచి, తన శరీరమును తనకు లోబరచుకొన్న ఆటగాని చూపి, వాడిపోవు కిరీటమునకే అతడు ఇంత పాటుపడగా వాడిపోని దానికొరకు మనమెంత పాటుపడవలెనని అడుగుచున్నాడు.

మన బైబిలులో తిమోతికి వ్రాయబడిన “సాధకము” అను మాట గ్రీకు భాషలో వ్యాయామశాలకు చెందిన మాట. జిమ్నాసియము అను పేరును అదియు ఒకే వేరునుండి పుట్టినవి. అదే క్రియాపదము హెబ్రీయుల పత్రికలో రెండుచోట్ల వచ్చును. శిక్షవలన అభ్యాసము కలిగినవారికి నీతిఫలము దొరకునని ఒకచోట, అభ్యాసమువలననే మేలు కీడులను వివేచించు శక్తి కలుగునని మరియొకచోట ఉన్నది. ఇంకొకచోట కూడ ఆ మాట వచ్చును. 2 పేతురు 2:14లో, లోభమునందు సాధకము చేసిన హృదయముగలవారినిగూర్చి అపొస్తలుడు చెప్పుచున్నాడు. చూచితిరా! పాపమునకు సహితము శిక్షణ కలదు. అప్పు ఎగవేయుట, చాడీలు చెప్పుట, సీసా ఎత్తుట, ఇవియు ఒక్క దినమున వచ్చునవి కావు. దినదినము చేయగా చేయగా చేతికి అలవాటగును. కాబట్టి సాధకము చేయనివాడు మనలో ఒక్కడును లేడు. ఎవని చేతిక్రింద చేయుచున్నామన్నదే ప్రశ్న.

ఈ సంగతి తేటపడుటకు మన హైదరాబాదు పట్టణములో జీవించిన ఒక శిక్షకుని తలంచుకొందము. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం గారు. బడిలో పాఠములు చెప్పిన ఉపాధ్యాయుడు. 1950 మొదలు 1963లో మరణించువరకు హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాలు జట్టుకు శిక్షణ ఇచ్చెను. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలుచుకొనెను. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల బంగారు పతకము పొందెను. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమునకు చేరెను.

ఆయన మహమ్మదీయుడు, ఆయనను మనము ఎందుకు తలంచవలెను అని ఎవరైన అందురేమో. కపెర్నహూములో శతాధిపతి కూడ ఇశ్రాయేలీయుడు కాడు. అతడు సైన్యములోని క్రమశిక్షణనుండియే విశ్వాసమును నేర్చుకొనెను. నేను ఒకనిని పొమ్మనగా పోవును, రమ్మనగా వచ్చును, నీ మాటకును అట్టి అధికారము కలదు అని యేసుతో చెప్పుకొనెను. ప్రభువు ఆశ్చర్యపడి అతనిని మెచ్చుకొనెను (మత్తయి 8:5–10). మంచి ఎక్కడ కనబడినను దానిని గుర్తించుట ప్రభువు మనకు నేర్పిన మర్యాద.

1. పాదములకు సిద్ధపాటు

1948లో లండను ఒలింపిక్సునకు వెళ్లిన మన ఆటగాండ్రలో అనేకులు బూట్లు లేకుండ వట్టి పాదములతో ఆడిరి. ఫ్రాన్సుతో ఒకటికి రెండు గోల్సుతో ఓడినను, బాగుగా ఆడిరని పేరు తెచ్చుకొనిరి. వట్టికాళ్ల ఆట మన దేశమునకు ఒక గొప్పగా ఎంచబడెను. నాలుగేండ్లకు, అనగా 1952లో, చలిదేశమైన ఫిన్లాండులో హెల్సింకి పట్టణమున యుగోస్లావియా జట్టు మనవారిని ఒకటికి పది గోల్సుతో ఓడించెను. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరి అని దేశములోని ఫుట్‌బాలు సంఘము నియమించెను. బూటు క్రొత్తగా తొడిగిన కాలికి బరువుగా తోచును, బంతి తాకిడి తెలియదు. అయినను నేర్చుకొనిరి. మరి నాలుగేండ్లకు, మెల్‌బోర్నులో ఆస్ట్రేలియాను వారి దేశములోనే రెండుకు నాలుగు గోల్సుతో గెలిచిరి.

ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో పౌలు సర్వాంగ కవచమును వర్ణించుచు పాదములను మరువలేదు. సువార్తవలన కలుగు సిద్ధమనస్సు మన పాదములకు జోడుగా ఉండవలెనని చెప్పెను (6:15). మనలోను వట్టికాళ్ల గొప్పలు కలవు. “మా తాతగారు ఈ ఊరిలో మొదట బాప్తిస్మము పొందినవాడు, మాకు వాక్యము క్రొత్తగా చెప్పవలెనా?” అందుము. చదువు రాదని కొందరు, తీరిక లేదని కొందరు వాక్యము లేకయే దినములు గడుపుదుము. ఎండలు మంచిగా కాయుచున్న కాలమున వట్టికాళ్లతో నడిచిపోవచ్చును. అయితే బిడ్డకు విషజ్వరము తగిలిన రాత్రి, పంట మునిగిన ఏట, అప్పులవాడు గుమ్మములో కూర్చున్న ఉదయమున, పాదము క్రింద ఏమియు లేదని అప్పుడు తెలియును. చదువు రానివారు బిడ్డలచేత చదివించుకొని వినవచ్చును. ఇప్పుడు ఫోనులో సహితము వాక్యము వినవచ్చును. ఆటలు, సినిమాలు వినిపించు పరికరమే వాక్యమును వినిపించును గదా.

2. బంతిని నిలుపుకొనుట

శిక్షణలో తొలి పాఠములలో ఒకటి, వచ్చుచున్న బంతిని కాలితో ఆపుట. చూచుటకు తేలిక. అయితే కాలిని కర్రవలె బిగబట్టినవానికి బంతి తగిలి దూరముగా ఎగిరి శత్రుపక్షము చేతబడును. తెలిసినవాడు బంతి తాకు సమయమున కాలిని ఒకింత వెనుకకు తీసికొనును. అప్పుడు బంతి వేగము చచ్చి అతని పాదము దగ్గర పిల్లివలె పడుకొనును. శిక్షకుడు దీనిని పది గజముల దూరమున ఇద్దరిని నిలిపి వందలసార్లు చేయించును.

గద్దింపును అందుకొనుటయు ఇట్టిదే. పాస్టరుగారు ఒక మాట అందురు. సంఘపెద్ద ఒక తప్పు చూపును. భార్య మెల్లగా, “మీరు నిన్న అట్లు మాట్లాడకుండవలసినది” అనును. మనస్సును బిగబట్టినవానికి ఆ మాట తగిలి ఎగిరిపోవును. ఎగిరి మరియొకనికి తగులును. మరుసటి ఆదివారమునుండి అతడు గుడికి రాడు, ఆరు నెలలు ఇంటిలోనే కూర్చుండును. నాతాను ప్రవక్త వచ్చి దావీదు రాజు తప్పును అతని ముఖముననే చెప్పినప్పుడు, రాజు ఆ మాటను నిలుపుకొనెను. నేను పాపము చేసితినని ఒప్పుకొనెను (2 సమూయేలు 12). అతని చేతిలో ఖడ్గము లేక కాదు. హృదయము వెనుకకు తగ్గుట నేర్చినది. శిక్ష ఆ క్షణమున దుఃఖకరమే అయినను, దానివలన అభ్యాసము పొందినవారికి సమాధానఫలము దొరకునని హెబ్రీయుల పత్రిక చెప్పుచున్నది. మాటను ఓర్చుకొనుట కూడ నేర్చుకొనవలసిన పనియే.

3. బలము లేని కాలు

రహీం గారు కుర్రవాండ్రకు ఒక వింత పోటీ పెట్టుచుండెను. ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే బంతి తన్నవలెను. కుడికాలివాడు ఎడమకాలితోను, ఎడమకాలివాడు కుడికాలితోను ఆడవలెను. వచ్చిన విద్యనే మరల మరల చూపుకొనుటవలన మనిషి ఎదుగడని ఆ ఉపాధ్యాయునికి తెలియును. ఎదిరిజట్టువాడు మన బలహీనమైన వైపునే కాచుకొనియుండునని కూడ తెలియును.

సిక్లగులో దావీదునొద్దకు చేరిన బెన్యామీనీయులు కుడియెడమ చేతులు రెంటితోను వడిసెల రాళ్లు రువ్వగలవారని దినవృత్తాంతముల గ్రంథము చెప్పుచున్నది (1 దిన. 12:2). ఎడమచేతికి ఆ నేర్పు పుట్టుకతో రాలేదు. ఎన్ని రాళ్లు గురి తప్పిన తరువాత వచ్చెనో!

మన బలహీనమైన కాలు ఏది? ఒకడు ప్రార్థన చేయ లేచినయెడల గుడి కప్పు అదరును, గాని అన్నతో గట్టు తగవు వచ్చి ఏడేండ్లయినను క్షమించలేడు. ఒకామె కోతపండుగకు అందరికన్న పెద్ద బస్తా తెచ్చును, గాని నాలుకకు కళ్లెము లేదు. ఒకడు ఉజ్జీవ కూటములలో కన్నీరు కార్చును, ఇంటికి వెళ్లి భార్యమీద చెయ్యి ఎత్తును. మనము బలమైన కాలుతోనే ఆడుచు, భక్తిలో ముందున్నామని తలంచుచున్నాము. సాతాను మాత్రము మన రెండవ కాలు వైపే నిలిచియున్నాడు. ప్రార్థన బాగుగా వచ్చినవాడు ఈ నెల క్షమించుట అభ్యసించవలెను. చెయ్యి ఎత్తువాడు ముందుగా ఆ చెయ్యి దించవలెను, భార్య ఎదుట తప్పు ఒప్పుకొనవలెను. అది చేయకుండ పాడిన పాట దేవుని యొద్దకు చేరునని తలంచరాదు.

4. బంతిని విడిచిపెట్టుట

ఆయన పెట్టిన మరియొక పోటీలో బంతిని కాళ్లతో త్రిప్పుకొనుచు ఒక్కడే ముందుకు పోవుట నిషేధము. అందుకొన్న వెంటనే తోడివానికి అందించవలెను. నేర్పుగల కుర్రవానికి ఇది గొప్ప శిక్ష. నలుగురిని తప్పించుకొనిపోయి చప్పట్లు కొట్టించుకొనవలెనని వానికి ఆశ. అయితే బంతి పరుగెత్తినంత వేగముగా ఏ మనిషియు పరుగెత్తలేడు. అందించుచు పోయిన జట్టే గోలుకు చేరును.

మన సంఘములలో ఎన్ని తగవులు ఈ ఒక్క కారణమునుండి పుట్టుచున్నవి! పద్దుపుస్తకము ఒకని ఇంటిలోనే పదిహేనేండ్లు ఉండును. పాటలు ఒక్క గొంతుకే ఎత్తవలెను. యౌవనస్థుడు వాక్యము చదువుటకు లేచినయెడల పెద్దలు గొణుగుదురు. తరువాత, “పిల్లలు గుడికి వచ్చుటలేదు, పట్టణము పోయి చెడిపోవుచున్నారు” అని అదే పెద్దలు ఏడ్చుదురు. బంతి ఒక్కసారియైనను అందనివాడు మైదానములో ఎంతసేపు నిలుచును? మోషే ప్రొద్దుననుండి సాయంకాలమువరకు ఒక్కడే తీర్పు తీర్చుచుండగా, మామయైన యిత్రో చూచి, నీవును నలిగిపోవుదువు, జనులును నలిగిపోవుదురు అని హెచ్చరించి, పని పంచిపెట్టుమని చెప్పెను (నిర్గమ. 18). మోషే మామ మాట వినెను. బాప్తిస్మమిచ్చు యోహాను తాను తగ్గి క్రీస్తు హెచ్చవలెనని కోరెను. విడిచిపెట్టుట ఓటమి కాదు.

5. బంతి లేనప్పటి పరుగు

ఆట తొంబది నిమిషములు. ఆడువారు ఇరువదిఇద్దరు. లెక్కకు సమముగా పంచినను ఒక్కొక్కనికి బంతి నాలుగు నిమిషములకు మించి రాదు. బంతి గీత దాటిపోయిన కాలమును తీసివేసినయెడల అదియు దక్కదు. మిగిలిన ఎనుబదియారు నిమిషములు ఆటగాడు ఏమి చేయవలెను? బంతి లేకుండ పరుగెత్తవలెను. తోడివానికి దారి చేయవలెను. వెనుకకు వచ్చి కావలి కాయవలెను. చూచువారి కన్ను అతనిమీద ఉండదు. శిక్షకుని కన్ను మాత్రము ఉండును.

శనివారము సాయంకాలము గుడి ఊడ్చి దీపములు తుడుచు విధవరాలు, ఆరాధనకు ముందు కుండలు నింపు తాత, ఎవరికిని చెప్పక రోగి మంచము దగ్గర రాత్రి మేల్కొనియుండు సహోదరి, వీరు బంతి లేకుండ పరుగెత్తువారు. శరీరములో బలహీనములుగా కనబడు అవయవములే మరి అవశ్యములని పౌలు కొరింథీయులకు చెప్పెను (1 కొరింథీ. 12:22). రహస్యమందు చూచు తండ్రి వారిని చూచుచున్నాడు. వేదికమీద నిలుచు నాలుగు నిమిషములనుబట్టి కాక, ఎవరును చూడని గడియలనుబట్టియే మన భక్తి తూచబడును.

6. సోలె ఎవరు కొలిచిరి?

ఇంతవరకు చదివి, “ఇదంతయు మా బలముతో చేయవలసిన పనియే అయితే మాకు ఆశ ఏమున్నది?” అని ఒకరు అడుగవచ్చును. ఇక్కడనే ఆటకును సువార్తకును భేదము కలదు. ఆటలో ముందు నేర్పు, తరువాత ఎన్నిక. ప్రభువు మార్గములో ముందు పిలుపు, తరువాత నేర్పు. గలిలయ తీరమున వలలు బాగుచేసికొనుచున్నవారిని ఆయన పరీక్ష పెట్టి ఎంచుకొనలేదు. ముందు రమ్మని పిలిచి, తరువాత తనతో నడిపించుచు నేర్పెను. మన సాధకమువలన రక్షణ కలుగదు. రక్షింపబడినవారము గనుకనే సాధకము చేయుచున్నాము. ఇంటి సోలె మనది, అందులోని గింజలు ఆయనవి.

అయినను ఆటస్థలములోనే కృపకు ఒక చిన్న పోలిక దొరకుచున్నది. సికిందరాబాదు దగ్గర అమ్ముగూడ గ్రామమున తులసీదాస్ బలరాం అను బీద కుర్రవాడు ఉండెను. అతని ఆట రహీం గారి కంటబడెను. హైదరాబాదులో శిక్షణకు రమ్మనగా, అంతదూరము వచ్చుటకు తనయొద్ద డబ్బు లేదని కుర్రవాడు చెప్పెను. అద్దె సైకిలునకని రహీం గారు దినమునకు ఒక రూపాయి ఇచ్చెనని చెప్పుదురు. ఆ బలరాం 1956లోను 1960లోను ఒలింపిక్సులో ఆడెను. 1962లో బంగారు పతకము పొందిన జట్టులో ఉండెను. రమ్మని ఆజ్ఞాపించినవాడే దారిఖర్చు ఇచ్చెను! మన ప్రభువు రూపాయి ఇచ్చి ఊరకుండలేదు, తన ప్రాణమునే ఇచ్చెను. నేర్చుకొనుమని ఆజ్ఞాపించువాడు ఆయనే, నేర్చుకొనుటకు ఆత్మబలము ఇచ్చువాడును ఆయనే. అయితే సైకిలు తొక్కవలసినవాడు కుర్రవాడే గదా. రూపాయి తీసికొని ఇంటనే పడుకొన్నయెడల ఆ కృప వ్యర్థమై యుండును.

జకార్తాలో జరిగినది

1962 సెప్టెంబరు 4వ తేదీన జకార్తాలో తుది ఆట దక్షిణ కొరియాతో జరిగెను. ఆ పోటీలలో మనవారి మొదటి ఆటలో అదే జట్టు మనవారిని ఓడించియుండెను. మైదానము చుట్టునున్న జనులు మనకు వ్యతిరేకముగా కేకలు వేయుచుండిరి. వెనుక కావలి కాయు జర్నైల్ సింగు అంతకుముందు ఒక ఆటలో తలకు గాయమై కుట్లు వేయించుకొనియుండెను. శిక్షకుడు అతనిని ముందువరుసలో ఆడుమనెను. నా స్థలము ఇది కాదని అతడు వాదింపలేదు. తలకు కట్టుతోనే ముందు నిలిచి ఒక గోలు చేసెను. పి. కె. బెనర్జీ మరియొకటి చేసెను. ఒకటికి రెండు గోల్సుతో మనవారు గెలిచిరి. శిక్షకుడు సంవత్సరము తిరుగకముందే, 1963 జూన్ నెలలో, కాన్సరు రోగముతో కన్నుమూసెను.

కేకల నడుమ ఆ దినమున వారికి పనికివచ్చినది ఆ దినమున నేర్చుకొన్నది కాదు. దానియేలు సంగతియు అట్లే. రాజశాసనము వచ్చినప్పుడు అతడు క్రొత్తగా మోకాళ్లూనలేదు. అంతకుముందు చేయుచుండినట్లే దినమునకు ముమ్మారు ప్రార్థించెనని వ్రాయబడినది (దానియేలు 6:10). సింహముల గుహలో పడినప్పుడు ప్రార్థన నేర్చుకొందమనువానికి అక్కడ కాలవ్యవధి ఉండదు. మన ప్రభువు సహితము విశ్రాంతిదినమున సమాజమందిరమునకు వెళ్లుట తన వాడుక చేసికొనెను (లూకా 4:16). దేవుని కుమారునికే వాడుక అవసరమైనప్పుడు మనకు అక్కరలేదా?

ఇంకొక మాట. 1962 తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాలులో మన దేశమునకు మరల బంగారు పతకము రాలేదు. కారణములు అనేకములు ఉండవచ్చును. అయితే గెలుపు తండ్రినుండి కుమారునికి పొలమువలె సంక్రమించునది కాదని మాత్రము తేట. యెహోషువతోకూడ ఉన్న తరము గతించిన తరువాత యెహోవాను ఎరుగని మరియొక తరము లేచెనని న్యాయాధిపతుల గ్రంథము (2:10) విచారముతో చెప్పుచున్నది. తల్లులారా, తండ్రులారా, గుడి గోడలు మన తాతలు కట్టిరి. గోడలు పిల్లలకు దక్కును. ప్రార్థన మాత్రము నేర్పితేనే వచ్చును. ఇంటిలో దీపము పెట్టువేళ పది నిమిషములు మనము మోకాళ్లూనుట చూడని బిడ్డ, దూరదేశములో కూలికి పోయి ఒంటరిగా జబ్బుపడిన రాత్రి ఎవరిని పిలుచును?

కాబట్టి ఈ నెలకు మన ఇండ్లలో నాలుగు సాధకములు పెట్టుకొందము. దినమునకొక వేళ నిర్ణయించి ఇంటివారందరు కలిసి వాక్యము విని ప్రార్థించుట. వారమునకొక వాక్యము కంఠతము చేయుట. మన బలహీనమైన కాలు ఏదో గుర్తించి దానినిగూర్చి ఒక్క పనియైనను చేయుట. మన చేతిలోనున్న ఒక పనిని మన పిల్లలలో ఒకరికి అప్పగించి, వారు తప్పు చేసినను ఓర్చుకొని నేర్పుట. మొదటి వారము బరువుగా తోచును. క్రొత్త బూటు ఏ కాలికైనను బరువే. ఒక దినము తప్పినయెడల నిరాశపడి మానుకొనవద్దు, మరునాడు మరల మొదలుపెట్టుదము. పరుగుపందెములో బహుమానము ఒక్కనికే దక్కును. మన ప్రభువు జట్టులోనైతే కడవరకు ఓర్చినవారందరికి కిరీటము కలదు, గుడి ఊడ్చిన విధవరాలికిని కలదు.

ప్రార్థన: మమ్మును పిలిచిన ప్రభువా, పిలిచిన నీవే మాకు నేర్పుము. గద్దింపును అందుకొను మెత్తని హృదయమును, బలము లేని చోట పాటుపడు ఓర్పును, తోడివానికి అందించు ప్రేమను, ఎవరును చూడని వేళ నమ్మకముగా పరుగెత్తు మనస్సును మాకు దయచేయుము. మా బిడ్డలు మా మోకాళ్లను చూచి నిన్ను ఎరుగునట్లు కృపచూపుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.